పోటీ లేకపోయినా ఓటు ఉండాలి
పంచాయతీ ఏకగ్రీవాల గురించి గ్రామ ప్రజలకూ, రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులకూ విజ్ఞప్తి



పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన మర్నాటి నుంచే ఊళ్లలో ఒక మాట తిరగడం మొదలవుతుంది. "ఎందుకొచ్చిన గొడవలు, అందరం కూర్చుని ఏకగ్రీవం చేసేసుకుందాం." వినడానికి మంచి మాటే. కొట్లాటలుండవు, మందు పంపకాలుండవు, అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోవు. పైగా ప్రభుత్వం నజరానా ఇస్తుంది, దాంతో సిమెంటు రోడ్డో మంచినీళ్ల ట్యాంకో వస్తుంది.

ఆ మాట అనేవాళ్లందరి ఉద్దేశాన్నీ మేం శంకించడం లేదు. కానీ ఏకగ్రీవం పేరుతో ఊళ్లలో జరుగుతున్నది చూశాక ఎదురు చెప్పక తప్పడం లేదు. మేం అడిగేది చిన్న మార్పు. సర్పంచ్ పదవికి బరిలో ఒక్కరే మిగిలినా పోలింగ్ జరగాలి. బ్యాలెట్ మీద ఆ ఒక్కరి గుర్తు, దాని కింద నోటా ఉండాలి. ఊరు తన ఇష్టాన్ని తెర చాటున చెప్పిన తర్వాతే గెలుపు ప్రకటించాలి. ఏకగ్రీవానికి ప్రభుత్వం డబ్బిచ్చే పద్ధతి పూర్తిగా పోవాలి.

ఏకగ్రీవం ఎలా కుదురుతుందో తెలియని పల్లె లేదు. రాత్రి ఎనిమిదింటికి గుడి దగ్గర కూర్చుంటారు. కుర్చీల్లో కూర్చునేవాళ్లు ఎవరో, అరుగు కింద నిలబడేవాళ్లు ఎవరో ముందే ఖరారైపోయి ఉంటుంది. ఆడవాళ్లుండరు. సర్పంచ్ పదవి మహిళకు రిజర్వయినా ఉండరు. ఎస్సీ కాలనీ నుంచి ఒకరిద్దరిని పిలుస్తారు, వాళ్లు చేతులు కట్టుకుని వింటారు. "గుడి కట్టాలి కదా, ఎవరు ఎంతిస్తారు?" అని వేలం పాట మొదలవుతుంది. ఐదు లక్షలు, ఏడు, ఏడున్నర. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పాట ఖరారైనవాడు అక్కడికక్కడే అడ్వాన్సు ఇస్తాడు, మిగతాదానికి కాగితం రాస్తాడు. అప్పటికే నామినేషన్ వేసిన మిగతావాళ్లను మర్నాడు కారెక్కించి రిటర్నింగ్ అధికారి దగ్గరికి తీసుకెళ్లి ఉపసంహరణ పత్రం మీద సంతకం పెట్టిస్తారు. "మీ అంతట మీరే తీసుకుంటున్నారా?" అని అధికారి అడుగుతాడు. అడిగేటప్పుడు పెద్దమనుషులు పక్కనే నిలబడి ఉంటారు. అవునని తప్ప ఇంకేం చెప్పగలడు?

సాయంత్రానికి ఊళ్లో టపాసులు పేలతాయి. నాట్లు వేసి ఇంటికొచ్చిన కూలి మనిషికి ఆ చప్పుడు విన్నాకే తెలుస్తుంది, తన సర్పంచ్ ఎవరో తేలిపోయిందని. ఆమెకు ఓటర్ల జాబితాలో పేరుంది, చేతిలో గుర్తింపు కార్డుంది. ఐదేళ్లకోసారి వచ్చే ఆ ఒక్క రోజు ఆమెకు రాకుండానే పోయింది.

ఇలా కొన్న పదవిలో కూర్చున్నవాడికి ఊరికి జవాబు చెప్పాల్సిన పని ఉండదు. ఉపాధి హామీ మస్టర్లలో దొంగ పేర్లెందుకున్నాయని అడిగితే, "డబ్బు కట్టి తెచ్చుకున్నాను, నీ ఓటుతో గెలిచానా?" అంటాడు. పెట్టిన సొమ్ము వీధి దీపాల బిల్లుల్లోనూ, కాలువ పూడిక పనుల్లోనూ తిరిగి రాబట్టుకుంటాడు. గుడికి చందా ఇచ్చినట్టు కనిపించే ఆ డబ్బును ఊరే తన పంచాయతీ ఖాతాలోంచి వడ్డీతో సహా తీరుస్తుంది.

ఈ వేలం నేరం కాదేమో అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేరమే. పోటీ చేయడం, చేయకపోవడం, నామినేషన్ వెనక్కి తీసుకోవడం కూడా ఎన్నికల హక్కులేనని భారతీయ న్యాయ సంహిత 169వ సెక్షన్ చెబుతోంది. ఆ హక్కును ఫలానా విధంగా వాడుకునేలా చేయడానికి ప్రతిఫలం ఇవ్వడం 170వ సెక్షన్ కింద లంచం. ఇచ్చినవాడికే కాదు, పుచ్చుకున్నవాడికీ ఏడాది దాకా జైలు పడొచ్చు. పాత భారత శిక్షాస్మృతిలోనూ ఇదే మాట ఉండేది. మహారాష్ట్రలో 2021 జనవరిలో నాసిక్ జిల్లా ఉమ్రాణే, నందుర్‌బార్ జిల్లా ఖోండామళి గ్రామాల్లో పదవుల వేలం బయటపడింది. ఉమ్రాణేలో గుడి పేరు మీద పాట రెండు కోట్ల రూపాయలు దాటింది. అక్కడి రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ రెండు ఊళ్ల ఎన్నికలనే రద్దు చేసింది. గుడి కోసమే కదా అన్న మాట అక్కడ చెల్లలేదు.

మన దగ్గర ప్రభుత్వాలే ఏకగ్రీవాలకు వెల కట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఎన్నికలప్పుడు రెండు వేల జనాభా లోపు పంచాయతీకి 5 లక్షలు, ఐదు వేల లోపు అయితే 10 లక్షలు, పది వేల లోపు 15 లక్షలు, ఆపైన 20 లక్షలు ఇస్తామన్నారు. తెలంగాణలో 2019 ఎన్నికలకు 10 లక్షల నజరానా ప్రకటించారు. ఫలితం కనబడింది. ఆంధ్రప్రదేశ్‌లో తొలి విడతలో నోటిఫై చేసిన 3,249 పంచాయతీల్లో 525 ఏకగ్రీవమయ్యాయి. తెలంగాణలో 2019 తొలి విడతలోనే ఏడు వందలకు పైగా ఊళ్లలో సర్పంచ్ ఎన్నికే జరగలేదు. వీటన్నిటిలోనూ వేలం జరిగిందని మేం అనడం లేదు. మనస్ఫూర్తిగా ఒక్క మాట మీద నిలబడిన ఊళ్లూ ఉన్నాయి. కానీ ఏది మనస్ఫూర్తిగా, ఏది బెదిరించి అన్నది తేల్చే సాధనం ఈ రోజు ఎవరి దగ్గరా లేదు. మేం అడుగుతున్న బ్యాలెట్ ఆ సాధనం.

ఒక్కసారి లెక్క వేసుకోండి. రెండు వేల మంది ఉన్న ఊరికి 5 లక్షలంటే తలకు 250 రూపాయలు. పంచాయతీ పదవీకాలం ఐదేళ్లు, అంటే ఏడాదికి 50. ఓటుకు నోటు ఇచ్చే అభ్యర్థి కూడా ఇంతకన్నా ఎక్కువే ఇస్తున్నాడు. ఓటు అమ్ముకోవద్దని గోడల మీద రాయించే ప్రభుత్వమే, ఓటు వేయకుండా ఉంటే డబ్బిస్తామని జీవో ఇవ్వడం ఏ న్యాయం? పోలింగ్ జరుపుకున్న ఊళ్లో బోరు ఎండిపోదా? అక్కడి పిల్లలు బురదలో నడవరా? ఊరి అవసరాన్ని బట్టి, జనాభాను బట్టి రావలసిన డబ్బు, ఊరు నోరు మూసుకున్నందుకు రాకూడదు.  

ఈ దేశంలో ప్రతి ఒక్కరికీ ఓటు ఊరికే రాలేదు. తెల్లవాళ్ల కాలంలో పన్ను కట్టేవాళ్లకూ, ఆస్తి ఉన్నవాళ్లకూ, చదువున్నవాళ్లకూ మాత్రమే ఓటుండేది. 1951-52లో మొదటిసారి ఇరవై ఒక్కేళ్లు నిండిన ప్రతి మనిషికీ ఇచ్చారు. పదిహేడు కోట్లకు పైగా ఓటర్లు, వాళ్లలో అత్యధికులు చదవడం రానివాళ్లు. జాబితా రాయడానికి ఇంటింటికీ వెళ్లిన ఉద్యోగులకు కొన్ని ప్రాంతాల్లో ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అనే రాయించుకున్నారు. అలా రాస్తే చెల్లదని మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. చివరికి దాదాపు 28 లక్షల మంది స్త్రీల నమోదులు జాబితాలోంచి పోయాయి. అది నష్టమే, అయినా ఆ పట్టుదల వెనక ఉన్న సూత్రం సరైనది. ఓటు మనిషిది. ఇంటిది కాదు, కులానిది కాదు, ఊరిది కూడా కాదు.

రాజ్యాంగ సభలో 1948 నవంబరు 4న ముసాయిదాను ప్రవేశపెడుతూ అంబేడ్కర్ ఇదే చెప్పారు. గ్రామాన్ని కాదని వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమన్నారు. ఆ మాటకు సభలో చాలామంది నొచ్చుకున్నారు. ఆ తర్వాత పంచాయతీలను ఆదేశిక సూత్రాల్లో 40వ అధికరణంగా చేర్చారు. 1992 నాటి 73వ సవరణతో వాటికి రాజ్యాంగ హోదా వచ్చింది. అప్పుడు కూడా సభ్యులందరూ ప్రత్యక్ష ఎన్నిక ద్వారానే రావాలని 243సి అధికరణంలో రాశారు. ఊరికి అధికారం ఇచ్చారు, ఆ అధికారాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చే పని మాత్రం ఒక్కొక్క మనిషికీ అప్పగించారు.

గ్రామం మీద అంబేడ్కర్‌కున్న అనుమానం ఉత్త అనుమానం కాదని తమిళనాడులో తేలింది. మదురై దగ్గర పాపాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలను 1996లో దళితులకు రిజర్వు చేశారు. అక్కడి ఆధిపత్య కులం ఒక్క మాట మీద నిలబడింది. నామినేషన్లు వేయనివ్వలేదు, వేసి గెలిచినవాళ్లతో వెంటనే రాజీనామా చేయించింది. దాదాపు పదేళ్లు ఆ పంచాయతీలకు అధ్యక్షులే లేరు. 2006లో గట్టి బందోబస్తు పెట్టాకే ఎన్నిక నిలిచింది. అదే జిల్లాలోని మేలవళవులో పోటీ చేసి గెలిచిన దళిత అధ్యక్షుణ్ణి 1997లో నరికి చంపారు. బయటి నుంచి చూస్తే అక్కడా ఊరంతా ఏకమైనట్టే ఉంది. ఊరి మాట అన్నప్పుడల్లా అది ఎవరి నోటి నుంచి వస్తోందో అడగాలి.

మన రెండు రాష్ట్రాల్లో స్థానిక సంస్థల పదవుల్లో సగం మహిళలవి. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు రొటేషన్ మీద తిరుగుతుంటాయి. రిజర్వేషన్ మారిన ప్రతిసారీ పెద్దమనుషులకు ఏకగ్రీవం మీద మోజు పెరగడం గమనించారా? జనరల్ స్థానంలో అయితే వాళ్లలో వాళ్లే హోరాహోరీగా కొట్లాడుకుంటారు. అదే పదవి కాలనీకి వెళ్లేసరికి ఊరి ఐక్యత గుర్తొస్తుంది. తమ పాలేరునో, తమ దగ్గర అప్పున్నవాణ్ణో నిలబెట్టి, మిగతావాళ్లను కూర్చోబెడతారు. కాలనీలో చదువుకున్న పిల్ల ఒకతి ధైర్యం చేసి నామినేషన్ వేస్తే, మర్నాడు వాళ్ల నాన్నకు పని చెప్పేవాడుండడు, చేలోంచి దారి ఇచ్చేవాడుండడు. సర్పంచ్ ఎవరో అక్కడే నిర్ణయమైపోయింది.

ఏకగ్రీవాన్ని నిజాయతీగా కోరుకున్న పెద్దలు లేకపోలేదు. పోచంపల్లిలో 1951లో భూదానం మొదలుపెట్టిన వినోబా పల్లెలు పార్టీల పాలిట పడకూడదనీ, అందరి సమ్మతితోనే నడవాలనీ కోరుకున్నారు. జయప్రకాశ్ నారాయణ్ పార్టీలు లేని ప్రజాస్వామ్యం గురించి ఏళ్ల తరబడి వాదించారు. వాళ్ల మీద మాకు గౌరవం ఉంది. అయితే సమ్మతి అంటే కాదనే వీలున్నా అవుననడం. కాదంటే బతుకు గడవనివాడు అవునంటే దాన్ని సమ్మతిగా ఎలా లెక్కపెడతాం? గుడి దగ్గర అందరి ముందూ చెయ్యెత్తమంటే భూస్వామి ఎత్తిన చెయ్యి చూసి కౌలు రైతు చెయ్యి లేస్తుంది. పోలింగ్ కేంద్రంలో అట్ట చాటున స్వస్తిక్ ముద్ర పట్టుకుని నిలబడినప్పుడు ఆ కౌలు రైతును చూసేవాడుండడు. కాగితం మడిచి పెట్టెలో వేసి బయటికొచ్చాక "ఎవరికేశావు?" అని అడిగితే ఏం చెప్పాలో అతని ఇష్టం. ఆ అర నిమిషం అతను ఎవరికీ లొంగి లేడు. సంవత్సరాల తరబడి మన పల్లెల్లో పేదవాడికి అలాంటి అర నిమిషం ఇంకెక్కడా దొరకలేదు.

ఎన్నికల్లో డబ్బు, మందు పారుతున్నాయి కదా, ఓటుకు ఇంక పవిత్రత ఎక్కడుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పారుతున్నాయి, ఆపాలి. కానీ డబ్బు తీసుకున్న మనిషి కూడా అట్ట చాటుకు వెళ్లాక తన ఇష్టం వచ్చిన గుర్తు మీద ముద్ర వేయగలడు, వేస్తున్నాడు. డబ్బు పంచి ఓడిపోయి, ఇచ్చిన డబ్బు తిరిగివ్వమని ఇళ్ల చుట్టూ తిరిగిన అభ్యర్థుల వార్తలు ప్రతి ఎన్నికల తర్వాతా చదువుతూనే ఉన్నాం. వేలంలో ఆ పాటి దారి కూడా లేదు.

కక్షల మాట కూడా అంతే. కక్షలు ఓటు వల్ల వస్తున్నాయా, ఎవరు ఎవరికి వేశారో ఆరా తీయడం వల్ల వస్తున్నాయా? మేం చూసినంతవరకూ రెండోదే. ఎవరు ఏ పక్షమో తేలిపోయే పద్ధతి రహస్య ఓటు కాదు, ఏకగ్రీవ సమావేశమే. ఆ రాత్రి గుడి దగ్గర ఒప్పుకోనివాడి పేరు ఊరంతటికీ తెలిసిపోతుంది.

ఏకాభిప్రాయాన్ని బ్యాలెట్‌తో తేల్చుకున్న సంగతి మన దగ్గరే ఉంది. 1991 నవంబరులో ప్రధానిగా ఉన్న పి.వి. నరసింహారావు నంద్యాల లోక్‌సభ ఉప ఎన్నికలో నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్.టి. రామారావు తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. అయినా వేరేవాళ్లు పోటీలో ఉన్నారు, పోలింగ్ జరిగింది, ఐదు లక్షల ఎనభై వేల మెజారిటీ వచ్చింది. ఆ అంకెకు ఉన్న గౌరవం, పోటీయే లేకుండా పేరు ప్రకటించి ఉంటే వచ్చేదా? 2024 ఏప్రిల్‌లో సూరత్ లోక్‌సభ స్థానంలో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. ప్రధాన ప్రత్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురైంది, మిగతావాళ్లు ఉపసంహరించుకున్నారు, పోలింగ్ తేదీ రాకముందే ఏప్రిల్ 22న విజేతను ప్రకటించారు. పదహారు లక్షలకు పైగా ఓటర్లకు ఆ ఎన్నికలో వేలికి సిరా అంటలేదు. నోటా నొక్కుదామనుకున్నవాడికీ దారి లేకపోయింది.

నోటాను 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఇచ్చింది. ఎవరూ నచ్చలేదని రహస్యంగా చెప్పడం ఓటరు హక్కు అంది. ఇద్దరు నిలబడితే ఉండే హక్కు, ఒక్కడే నిలబడితే ఎలా పోతుంది? నిజానికి ఆ హక్కు ఎక్కువ అవసరమయ్యేది ఒక్కడే నిలబడ్డప్పుడు.

మేం అడిగే మార్పుకు పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. పంచాయతీ ఎన్నికల విషయాలపై చట్టం చేసే అధికారం 243కె అధికరణం రాష్ట్ర శాసనసభలకే ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టాన్నీ, తెలంగాణలో 2018 చట్టాన్నీ, వాటి కింద ఉన్న ఎన్నికల నియమాలనూ సవరిస్తే చాలు. మహారాష్ట్ర ఎన్నికల సంఘం 2018లోనే ఒక అడుగు వేసింది. స్థానిక ఎన్నికల్లో నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లొస్తే మళ్లీ ఎన్నిక పెట్టాలని ఆదేశించింది. హరియాణా అదే ఏడాది మున్సిపల్ ఎన్నికల్లో ఆ దారి పట్టింది. మనం ఇంకో అడుగు వేసి, ఒక్క అభ్యర్థే ఉన్నచోట కూడా నోటాతో పోటీ పెట్టాలి. అభ్యర్థికి ఎక్కువ ఓట్లొస్తే గెలిచినట్టు. నోటాకు ఎక్కువొస్తే నెల రోజుల్లో కొత్తగా నామినేషన్లు తీసుకోవాలి, ఊరు వద్దన్న మనిషి ఆ విడతలో మళ్లీ నిలబడకూడదు.

ఖర్చెక్కువ అవుతుందంటారు. సర్పంచ్ ఏకగ్రీవమైన చాలా ఊళ్లలో కొన్ని వార్డులకైనా పోటీ ఉంటుంది, అక్కడికి ఎలాగూ సిబ్బంది, పెట్టెలు, పోలీసులు వెళ్తారు. అదనంగా పడేది చాలావరకు సర్పంచ్ బ్యాలెట్ అచ్చు ఖర్చే. ఏకగ్రీవానికి ఇస్తామన్న లక్షల్లో అది లెక్కలోకే రాదు. మళ్లీ ఎన్నికంటే పాలన ఆగిపోతుందన్న మాటకు కూడా జవాబుంది. తెలంగాణ పంచాయతీలను 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉంచినప్పుడు రాని బెంగ, ఊరు కోరుకుంటే ఒక నెల ఆగడానికి రాకూడదు.

ఉపసంహరణ విషయంలో ఇంకో చిన్న జాగ్రత్త కావాలి. నామినేషన్ వెనక్కి తీసుకునే మనిషిని అధికారి ఒంటరిగా లోపలికి పిలిచి మాట్లాడాలి. పక్కన ఎవరూ ఉండకూడదు, వీడియో తీయాలి. మహిళా అభ్యర్థి అయితే మహిళా అధికారే అడగాలి. మనసు మార్చుకుని "లేదు సార్, పోటీలో ఉంటాను" అనేవాళ్లకు గడువు ముగిసేవరకూ ఆ గదిలోనే కూర్చునే వీలుండాలి, రక్షణతో ఇంటికి పంపాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎన్నికైన పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2026 వరకే, ఆ తర్వాత మళ్లీ ఇవే ఎన్నికలు. చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మీ ఊరి గ్రామసభ జరిగినప్పుడు లేచి నిలబడి, ఏకగ్రీవ నజరానా మాకొద్దనీ, ఒక్క అభ్యర్థే ఉన్నా పోలింగ్ పెట్టాలనీ తీర్మానం ప్రతిపాదించండి. ఒప్పుకోకపోతే మీరు ప్రతిపాదించినట్టయినా మినిట్స్‌లో రాయించండి. దాని నకలు పంచాయతీ కార్యదర్శి దగ్గర అడిగి తీసుకుని మీ ఎమ్మెల్యేకూ, రాష్ట్ర ఎన్నికల సంఘానికీ పోస్టులో పంపండి. పాట పెడుతున్నారని తెలిసిన రోజునే జిల్లా కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పాట జరిగిపోయి ఉంటే ఆ చోటు, తేదీ, ఖరారైన మొత్తం అందులో రాయండి, ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే జతచేయండి. పేరు బయటపడుతుందన్న భయముంటే పది మంది కలిసి సంతకాలు చేయండి, డ్వాక్రా సంఘం అక్కలను ముందుగా అడగండి. రసీదు తీసుకోకుండా ఆఫీసులోంచి బయటికి రాకండి.